రెండు గుర్రాలకు ట్రాలీ ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉండాలి?

గుంటూరులో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పంపుతుంటాను. ఒకటి మార్వాడీ ఆడగుర్రం, భుజం దగ్గర 60 అంగుళాలు. రెండోది కాస్త పొట్టి. ఇన్నాళ్లూ అద్దె ట్రక్కే. మొన్న విజయవాడ నుంచి తిరిగివస్తుంటే కాజ టోల్‌గేటు దగ్గర డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. ఆడగుర్రం నుదురు అడ్డకమ్మీకి కొట్టుకుని చర్మం లేచిపోయింది. సొంత ట్రాలీ చేయిద్దామని ఆటోనగర్ వెళ్తే మేస్త్రి ఆరడుగుల ఎత్తు చాలంటున్నాడు. చాలుతుందా?

జవాబు 1: చాలదండీ. భుజం అయిదడుగులే, కానీ తల ఎత్తితే ఎక్కడిదాకా పోతుందో టేపు పట్టి చూడండి. ఏడడుగులకు తగ్గించవద్దు. అసలు పిసినారితనమంతా వెడల్పులోనే చూపిస్తారు. మలుపులో గుర్రం కాళ్లు ఎడంగా పెట్టి నిలదొక్కుకుంటుంది; ఇరుకైతే ఆ వీలుండదు. అందుకే రెండు గుర్రాల మధ్య పెట్టే అడ్డాన్ని నేలదాకా దించకండి.

జవాబు 2: మోటారు వాహనాల నిబంధనల్లో గుర్రానికి కనీసం 2.25 చదరపు మీటర్లన్నారు. అది కనీసం మాత్రమే. ట్రాలీ బరువూ గుర్రాల బరువూ కలిపి మీ బండి లాగగలదా, ముందు అది చూసుకోండి.

అడిగినవారు: నిన్న బెల్లం ముక్క పైకెత్తి చూపించి కొలిచానండీ. చెవుల కొస ఏడడుగులకు రెండంగుళాలే తక్కువ! ఏడున్నర అడుగులు పెట్టమన్నాను. రేకు ఖర్చు పెరుగుతుందని మేస్త్రి గొణిగాడు. పెరగనివ్వండి.