5% ఆక్సిజన్‌లో పెంచిన ఆవు పిండాలు: క్యూపీసీఆర్‌కి (జీన్ ఎంత చురుగ్గా ఉందో కొలిచే పరీక్ష) ఏ రిఫరెన్స్ జీన్ (పోలికకు వాడే, మారని జీన్) నమ్మాలి?

ఆవు ఐవీఎఫ్ (ల్యాబ్‌లో ఫలదీకరించిన) పిండాలను ఎస్‌ఓఎఫ్ అనే పోషక ద్రవంలో, 38.5 డిగ్రీల దగ్గర, 5% కార్బన్ డయాక్సైడ్‌తో రెండు గుంపులుగా పెంచుతున్నాం: ఒకటి 5% ఆక్సిజన్‌లో, రెండోది 20%లో. ఏడో రోజు బ్లాస్టోసిస్టులు (లోపల ద్రవం నిండిన దశ పిండాలు) తీసి, పదేసి కలిపి ఒక పూల్‌గా పరీక్షిస్తున్నాం. తక్కువ ఆక్సిజన్‌లో గ్లూకోజ్ వాడకానికి సంబంధించిన గ్లట్1, ఎల్‌డీహెచ్‌ఏ జీన్‌లు పెరగాలి కదా. జీఏపీడీహెచ్‌ని రిఫరెన్స్‌గా పెట్టి నార్మలైజ్ చేస్తే (దాంతో పోల్చి లెక్కిస్తే) తేడా దాదాపు మాయం! జీఏపీడీహెచ్ కూడా గ్లైకోలిసిస్ (గ్లూకోజ్‌ని విడగొట్టే ప్రక్రియ) ఎంజైమే, ఆక్సిజన్ తగ్గితే చురుకయ్యే ప్రోటీన్ హెచ్‌ఐఎఫ్ దాన్నీ పెంచుతుంది. అనుమానం అక్కడే. బదులుగా హెచ్2ఏఎఫ్‌జెడ్, వైడబ్ల్యూహెచ్‌ఏజెడ్ అనే రెండు రిఫరెన్స్ జీన్‌ల జామెట్రిక్ మీన్ (గుణోత్తర సగటు) వాడినవాళ్లున్నారా?

ఇంకో చిక్కు. 5% గుంపులో బాగా ఉబ్బిన బ్లాస్టోసిస్టులే ఎక్కువ. దశ చూడకుండా పూల్ చేస్తే కనిపించేది ఆక్సిజన్ ప్రభావమా, ఎదుగుదలలో తేడానా? నూనె కింది చుక్కలను ముందురోజు రాత్రే గ్యాస్‌లో పెడుతున్నాం, కాబట్టి లోపం అక్కడ లేదు.

8 కణాల దశలో, సొంత జీనోమ్ మేలుకునే వేళకి 5%కి మారిస్తే సరిపోతుందా, మొదటి రోజు నుంచే ఉంచాలా?