సగం ఓట్లకు 18 సీట్లు, 45 శాతానికి సున్నా: 1910 ఆస్ట్రేలియా సెనేట్ లెక్క ఎవరికైనా తెలుసా?

వేళచ్చేరి కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా ఆఫీసులో క్లయింట్లు మెల్‌బోర్న్ వాళ్లు, తెల్లారకముందే కాల్స్ మొదలవుతాయి. మధ్యలో ఖాళీ దొరికితే వాళ్ల దేశం గురించి ఏదో ఒకటి చదువుతూ కూర్చోవడం అలవాటైపోయింది. అలా 1910 ఏప్రిల్ 13న జరిగిన వాళ్ల సెనేట్ (పార్లమెంటు పైసభ) ఎన్నికల ఫలితాలు కంటబడ్డాయి. ఆరు రాష్ట్రాలు, రాష్ట్రానికి మూడేసి చొప్పున 18 సీట్లకు పోటీ. లేబర్ పార్టీకి 50 శాతం పైచిలుకు ఓట్లు, ఎదుటి లిబరల్ వాళ్లకు 45 శాతం పైన. సీట్లేమో 18-0!

వేరే చోట కూడా చూశాను, అదే అంకె. మనకు ఇలాంటివి కొత్త కాదు, 2014లో ఇక్కడ తమిళనాడులో డీఎంకే 23 శాతం పైన ఓట్లు తెచ్చుకుని 39లో ఒక్కటీ గెలవలేదు. కానీ అక్కడ నియోజకవర్గానికి ఒకే సీటు, ప్రతిచోటా రెండోస్థానంలో ఉంటే సున్నా రావడం అర్థమవుతుంది. రాష్ట్రం మొత్తం ఒకే నియోజకవర్గమై మూడు సీట్లుంటే రెండో పార్టీకి కనీసం మూడోదైనా దక్కాలి కదా? రిగ్గింగా, లేక లెక్కే అంతా?

మాంబళం మాస్టారు:
రిగ్గింగ్ ఏమీ లేదు బాబూ, లెక్కే అంత. నీకు రాజ్యసభ లెక్క మనసులో ఉన్నట్టుంది. ఇక్కడ 234 మంది ఎమ్మెల్యేలు, ఆరు సీట్లు ఖాళీ అయితే 34 ఓట్లున్నవాడికి ఒక సీటు ఖాయం, ఒక ఓటు ఒక్కడికే చెల్లుతుంది కాబట్టి. 1910లో అక్కడ అలా కాదు. ప్రతి ఓటరుకూ మూడు ఓట్లు. బ్యాలెట్ మీద ముగ్గురి పేర్ల పక్కన మూడు ఇంటూ గుర్తులు పెట్టాలి, మూడూ ఒకడికే గుద్దడానికి లేదు.

ఒక రాష్ట్రంలో వంద మందే ఓటర్లు అనుకో. 52 మంది లేబర్, 48 మంది లిబరల్. లేబర్ మనిషి తన మూడు గుర్తులూ లేబర్ ముగ్గురికే వేస్తాడు, అంటే ఆ ముగ్గురికీ తలా 52. లిబరల్ ముగ్గురికీ తలా 48. ఎక్కువ ఓట్లొచ్చిన ముగ్గురిని తీసుకోమంటే ఎవరొస్తారు? నువ్వు రెండో పార్టీ వాడికి మూడో స్థానం వస్తుందనుకుంటున్నావు, వాడికి వచ్చేది నాలుగో స్థానం. ఆరు రాష్ట్రాల్లోనూ అదే జరిగింది, ఆరు మూళ్లు పద్దెనిమిది.

ఈ పద్ధతిలో పార్టీ క్రమశిక్షణ ఎంత గట్టిగా ఉంటే ఫలితం అంత ఏకపక్షంగా ఉంటుంది. 1901లో మొదటి ఎన్నికలప్పుడు సెనేట్‌లో ఫ్రీ ట్రేడ్ వాళ్లు 17, ప్రొటెక్షనిస్టులు 11, లేబర్ 8. అప్పుడు మూడు పార్టీలు, అందులో రెండింటికి పార్టీ కట్టుబాటే సరిగా లేదు, జనం మనిషిని చూసి ఓటేసేవారు (పైగా ఆ ఏడాది ఎన్నికలు ఏ రాష్ట్రం చట్టం ప్రకారం ఆ రాష్ట్రంలో జరిగాయి, టాస్మానియాలో అయితే మన రాజ్యసభ తరహా లెక్కే). ప్రొటెక్షనిస్టుల నాయకుడు ఆల్‌ఫ్రెడ్ డీకిన్ 1904లో ఇదే విసుక్కున్నాడు, ఒకే గ్రౌండ్‌లో మూడు క్రికెట్ జట్లు ఆడితే ఆట సాగుతుందా అని. 1909లో ఆయనే లేబర్‌కు వ్యతిరేకంగా ఉన్నవాళ్లందరినీ కలిపి ఒక పార్టీ చేశాడు. మూడు జట్లు రెండయ్యాయి. మరుసటి ఏడాదే ఆయన జట్టుకు సెనేట్‌లో సున్నా వచ్చింది. రెండు సభల్లోనూ మెజారిటీతో లేబర్ నాయకుడు ఆండ్రూ ఫిషర్ ప్రధాని అయ్యాడు.

ఒకటి గుర్తు పెట్టుకో, సభ మొత్తం 36. సగం మందే ఆ ఏడు పోటీలో ఉన్నారు. పాత 18 మందిలో లేబర్ వాళ్లు నలుగురే, అందుకే సభలో బలం 22-14 దగ్గర ఆగింది.

అంబత్తూర్ అన్న:
మాస్టారు లెక్క బాగా చెప్పారు కానీ, ఇందులో అన్యాయం ఏముందో నాకర్థం కాలేదు. ప్రతి రాష్ట్రంలో ఎక్కువ మంది లేబర్‌ని కోరుకున్నారు, లేబర్ వచ్చింది. ఓడినవాళ్లకు ఓదార్పు సీటు ఇవ్వాలా? ఇప్పటి సెనేట్ చూడండి, చిన్నాచితకా పార్టీలు, ఒక్కో బిల్లుకీ బేరాలు.

మాంబళం మాస్టారు:
ఓదార్పు సంగతి కాదు నాయనా. పైసభ పెట్టిందే కింది సభ తొందరపడితే ఆపడానికి, చిన్న రాష్ట్రాల మాట వినిపించడానికి. సెనేటర్లు రాష్ట్రం మాట పక్కనపెట్టి పార్టీ చెప్పినట్టే చేతులెత్తారు, అది వేరే సంగతి. ఒకే గాలికి రెండు సభలూ నిండితే ఆపేవాడు లేడు. గాలి మారితే సర్కారు అడుగు కదలదు. 1913లో జరిగింది అదే. కింది సభలో జోసెఫ్ కుక్ లిబరల్స్ 38, లేబర్ 37, ఒక్క సీటు తేడా. సెనేట్‌లో మాత్రం లేబర్ 29, లిబరల్ 7. 1910లో గెలిచిన ఆ 18 మందీ సభలోనే కూర్చుని ఉన్నారు మరి. కుక్ ఒక బిల్లు పట్టుకుని కావాలనే గొడవ పెంచుకుని 1914లో రెండు సభలూ రద్దు చేయించాడు, ఆ దేశంలో అదే మొదటిసారి. ప్రచారం మధ్యలో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. సెప్టెంబర్ 5న ఎన్నికలైతే సెనేట్‌లో లేబర్ 31, లిబరల్ 5. సెనేట్ కోసం పోయి చేతిలో ఉన్న కింది సభ కూడా పోగొట్టుకున్నాడు పాపం.

వేళచ్చేరి కుర్రాడు:
మాస్టారూ, ఇప్పుడు క్లియర్ అయింది. మరి వాళ్లది ప్రాధాన్య ఓటు కదా, 1, 2, 3 అని అంకెలు వేస్తారు. అది వచ్చాక ఈ సమస్య పోయి ఉంటుంది, అంతేనా?

పెరంబూర్ రిటైర్డ్ గుమాస్తా:
అంతే కాదు! చాలామంది అక్కడే పొరపడతారు. 1918 అక్టోబర్‌లో స్వాన్ అనే చోట ఉప ఎన్నిక జరిగింది. లేబర్‌కు ఎదురున్నవాళ్ల ఓట్లు రెండు ముక్కలై, మూడోవంతు చిల్లర ఓట్లతో లేబర్ కుర్రాడు, 22 ఏళ్లవాడు, గెలిచేశాడు. సర్కారుకు టెన్షన్ పట్టుకుని ఆ ఏడాదే కింది సభకు అంకెల ఓటు తెచ్చింది, మరుసటి ఏడాది సెనేట్‌కు కూడా. 1919 డిసెంబర్ 13న ఆ పద్ధతిలో తొలి సెనేట్ ఎన్నిక. ఫలితం చూడండి: నేషనలిస్టులు (లేబర్‌కు ఎదురున్న అధికార పార్టీ) 17, లేబర్ 1. నేషనలిస్టుల ఓట్లు సగం కూడా కాదు, అయినా పదిహేడు!

ఎందుకంటే లెక్కపెట్టే తీరు అలాంటిది. మొదటి సీటుకు చివరివాళ్లను ఒక్కొక్కరినీ తీసేస్తూ, వాళ్ల ఓట్లు తర్వాతి అంకె ఉన్నవాళ్లకు పంచుతూ, ఒకరు సగం దాటేదాకా లెక్కిస్తారు. బాగుంది. రెండో సీటుకు మళ్లీ మొత్తం ఓట్లన్నీ మొదటినుంచి లెక్కిస్తారు, గెలిచినవాడి ఓట్లు పూర్తి విలువతో రెండో అంకె ఉన్నవాడికి, అంటే అదే పార్టీ మనిషికి పోతాయి. రాజ్యసభలో అయితే గెలుపుకు సరిపడా ఓట్లు అక్కడే ఖర్చయిపోయి మిగులు మాత్రమే కిందికి దిగుతుంది. ఇక్కడ ఖర్చవడం అనేదే లేదు. ఒకే మెజారిటీ మూడుసార్లు గెలుస్తుంది. అంతకుముందు 1917లోనూ 18కి 18 నేషనలిస్టులే కాబట్టి, రెండూ కలిసి సభ 35-1 అయింది.

ఆ ఒక్కడి గురించి చెప్పాలి. ఆల్బర్ట్ గార్డినర్, న్యూ సౌత్ వేల్స్ మనిషి, ఒకప్పుడు వడ్రంగి. ప్రతిపక్ష నాయకుడూ ఆయనే, ప్రతిపక్షమూ ఆయనే. విచిత్రం ఏమిటంటే 1918లో ఆ అంకెల ఓటు బిల్లు సెనేట్‌కు వచ్చినప్పుడు రాత్రంతా నిలబడి, బిల్లును క్లాజు క్లాజూ చదువుతూ 12 గంటల 40 నిమిషాలు మాట్లాడాడు. ఆ దెబ్బకు 1919లో సెనేట్ ప్రసంగాలకు టైమ్ లిమిట్ పెట్టింది. నేను ఆఫీసుల్లో ఫైళ్లు నానబెట్టేవాళ్లను చాలామందిని చూశాను గానీ ఇంత ఓపిక ఎవరిలోనూ చూడలేదు.

మన రాజ్యసభ తరహా లెక్క వాళ్లు సెనేట్‌కు 1948లో చట్టం చేసి 1949 ఎన్నికల నుంచి వాడుతున్నారు.

ఇంకొకటి. ఓటరుకు ఎన్ని సీట్లో అన్ని ఓట్లు అనేది మనమూ రుచి చూశాం. 1952, 1957లో ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి, ఓటరుకు రెండు ఓట్లు. 1957లో పార్వతీపురంలో వి.వి. గిరి గారు నిలబడ్డారు, రెండింటిలో ఒకటి గిరిజనులకు రిజర్వుడు. ఇద్దరు గిరిజన అభ్యర్థులకూ ఆయనకంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. ఒకరికి రిజర్వుడు సీటు, రెండో ఆయన డిప్పల సూరిదొరకు జనరల్ సీటు! తేడా వెయ్యి ఓట్లు కూడా లేదు. గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1959లో అక్కడా సూరిదొరే గెలిచారు. ఆ నియోజకవర్గాలను 1961లో తీసేశారు. అదే గిరి గారు 1969లో రాష్ట్రపతి అయ్యారు, అదీ రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక, నీలం సంజీవరెడ్డి గారి మీద. మొదటి లెక్కలోనూ ఆయనే ముందున్నారు లెండి, 4,01,515కి 3,13,548. సగం దాటలేదంతే.

అంబత్తూర్ అన్న:
పార్వతీపురం సంగతి నాకు తెలియదు. సరే, ఓదార్పు సీటు మాట వెనక్కి తీసుకోను గానీ 35-1 మాత్రం కొంచెం ఎక్కువే.

వేళచ్చేరి కుర్రాడు:
గార్డినర్ గురించి రేపు కాల్‌లో అడుగుతాను, వాళ్లలో ఎంతమందికి తెలుసో చూద్దాం. చివరి ప్రశ్న: అప్పట్లో ఆడవాళ్లు, అక్కడ స్థిరపడిన మనవాళ్లు ఓటేసేవారా?

రాయపేట అక్క:
ఆడవాళ్లు వేశారు, పోటీ కూడా చేశారు. 1902 చట్టంతో ఓటు వచ్చింది, 1903 డిసెంబర్‌లో విక్టోరియా నుంచి వైడా గోల్డ్‌స్టీన్ సెనేట్‌కు నిలబడి 51,497 ఓట్లు తెచ్చుకుంది. గెలవలేదు, కానీ ఏ పార్టీ అండా లేకుండా వచ్చిన ఓట్లవి. మాస్టారు చెప్పిన లెక్కలో పార్టీ జాబితాలో పేరు లేనివాళ్లకు చోటెక్కడిది?

అదే చట్టం ఇంకో చేత్తో అక్కడి ఆదివాసులకు, ఆసియా నుంచి వచ్చినవాళ్లకు ఓటు లేదంది, అప్పటికే రాష్ట్రాల ఓటరు జాబితాలో ఉన్నవాళ్లకు తప్ప. అంటే పైన మీరంతా చర్చించిన 1910, 1914, 1919 శాతాల్లో మనవాళ్లు దాదాపు లేనట్టే. 1922లో మద్రాసు నుంచి శ్రీనివాస శాస్త్రి గారు ఆస్ట్రేలియా అంతా తిరిగి ఈ సంగతే మాట్లాడారు, 1925లో బ్రిటిష్ ఇండియా నుంచి వెళ్లినవాళ్లకు ఓటిచ్చారు. అంబత్తూర్ అన్నకు ఒక మాట, శాస్త్రి గారు సభ్యుడిగా ఉన్న మన ఢిల్లీ పైసభ, అదే కౌన్సిల్ ఆఫ్ స్టేట్, దానికి ఓటేయాలంటే అప్పట్లో పెద్ద ఆస్తో, భారీగా కట్టే పన్నో ఉండాలి. ఇక్కడ మా తాతలకూ మీ తాతలకూ ఓటుండే అవకాశమే లేదు, వాళ్లు జమీందార్లయితే తప్ప.