సైనికాధికారి గవర్నర్ ఎలా అయ్యారు? మురవ్యోవ్-అమూర్‌స్కీ గురించి ఒక సందేహం

ప్రశ్న (చరిత్ర పాఠకుడు):
రష్యా పాత అయిదు వేల రూబుళ్ల నోటు మీద కనిపించే విగ్రహం నికొలాయ్ మురవ్యోవ్-అమూర్‌స్కీదని తెలిసి, ఆయన జీవితం చదవడం మొదలుపెట్టాను. 1809లో పుట్టిన ఈ సైనికాధికారి టర్కీ, పోలండ్, కాకసస్ యుద్ధాలలో పాల్గొని, 1846లో మాస్కోకు దక్షిణాన ఉన్న తూలా ప్రాంతానికి గవర్నరుగా, మరుసటి ఏడాదే, 38వ ఏట, తూర్పు సైబీరియా గవర్నర్ జనరల్‌గా నియమితులయ్యారు. పాలనానుభవం లేని వ్యక్తికి అంతటి భూభాగాన్ని ఎలా అప్పగించారు?

జవాబు 1 (పాత పుటలు):
గవర్నర్ అనగానే మనకు రాజ్‌భవన్ గుర్తుకు వస్తుంది కాని, జారుల కాలపు గవర్నర్ పోలీసు, పన్నులు, రైతుల గొడవలు స్వయంగా చూసుకోవలసిన అధికారి. గవర్నర్ జనరల్ అనేక ప్రాంతాలకు అధిపతి. సరిహద్దులలోనైతే సైన్యం మీద కూడా ఆయనకు అధికారం ఉండేది. 1722లో మొదటి పీటర్ తెచ్చిన హోదాల పట్టికలో సైనిక, పౌర పదవులు వరుసకు వరుస సరితూగేవి కనుక, ఆయన వంటి మేజర్ జనరల్ పౌరపాలనలోకి మారడం అప్పట్లో వింత కాదు. పైగా ఆయనకు అనుభవం లేదనడం సరికాదు. నల్ల సముద్ర తీరంలో కోటల వరుసలో ఒక భాగాన్ని ఆయన నిర్వహించారు.

జవాబు 2 (తూర్పు దారి):
నా దృష్టిలో అసలు కారణం తూలాలోనే ఉంది. అర్ధబానిసలైన రైతులను విడిపించాలని కోరుతూ అక్కడి కొద్దిమంది భూస్వాముల సంతకాలతో ఆయన చక్రవర్తికి విన్నపం పంపారు. అది ఫలించలేదు, అయినా చక్రవర్తి మొదటి నికొలాయ్ ఆయనను దూరం పెట్టలేదు. 1847లో తూలా మీదుగా ప్రయాణిస్తూ స్వయంగా సైబీరియా పదవిని ఇచ్చారు.

అక్కడ ఆయన చేసినదంతా సైనిక పద్ధతిలోనే సాగింది. 1851లో నెర్చిన్‌స్క్ గనులకు కట్టుబడిన రైతులను కజాకులుగా (కొసాక్కులుగా, అంటే సరిహద్దు కాపలా కాసే సైనిక వర్గంగా) మార్చి సైన్యాన్ని సమకూర్చుకున్నారు. 1854లో క్రిమియా యుద్ధం నడుస్తుండగా, పసిఫిక్ తీరానికి సైనికులను, సరుకులను పడవల మీద, తెప్పల మీద అమూర్ నది గుండా తరలించారు. ఆ నదీతీరం చైనాదేనన్న పాత ఒప్పందం అప్పటికి ఇంకా మారలేదు. ముందు అక్కడ కాలు మోపి, తరువాత ఒప్పందం రాయించుకోవడమే ఆయన ఎత్తుగడ. 1858 అయ్‌గున్ ఒప్పందంతో నది ఎడమ గట్టు రష్యాకు దక్కింది, ఆయనకు కౌంట్ బిరుదూ 'అమూర్‌స్కీ' అనే పేరూ వచ్చాయి.

జవాబు 3 (ఇంకో పక్క):
తూలాలో రైతుల స్వేచ్ఛ కోరిన మనిషే, అమూర్ తీరానికి కజాకు కుటుంబాలను ఆజ్ఞాపించి తరలించారన్నది మరువరాదు. వారి ఇష్టానిష్టాలను ఎవరూ అడగలేదు. నదీప్రయాణం నుంచి శీతకాలంలో తిరిగి వస్తూ ఆకలితో చనిపోయిన సైనికులూ ఉన్నారు. ఆయన పట్టుదల గొప్పదే, అయితే దాని ఖర్చు ఎక్కువగా భరించినది వీరే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. 1861లో ఎందుకు తప్పుకున్నారు?

జవాబు 2 (తూర్పు దారి):
తూర్పు సైబీరియాను రెండుగా విభజించాలన్న ఆయన ప్రతిపాదనను రాజధాని పీటర్స్‌బర్గ్‌లోని ప్రభుత్వం అంగీకరించలేదు. ఆ తరువాత ఎక్కువ కాలం పారిస్‌లో, ఫ్రెంచి భార్యతో గడిపి, 1881లో అక్కడే మరణించారు. అస్థికలు రష్యా పసిఫిక్ తీరంలోని వ్లదివొస్తోక్ నగరం చేరడానికి వందేళ్లకు పైగా పట్టింది.