నెల్లూరు చుట్టుపక్కల వీడియోలలో కొత్త గొంతులను వెతికి పట్టుకోవడం ఎలా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. స్టోన్‌హౌస్‌పేటలో నాకు చిన్న రికార్డింగు గది ఉన్నది. ఇన్నాళ్లూ పెళ్లి వీడియోలకు పాటలు కలపడంతోను, భక్తిగీతాలకు ట్రాకులు చేయడంతోను కాలం గడిచింది. ఈ ఏడాది నేను బాణీ కట్టుకున్న ఎనిమిది పాటలను విడుదల చేయాలని అనుకుంటున్నాను. పేరున్న గాయకులను పిలిచే స్తోమత నాకు లేదు. ఉన్నా పిలవనేమో, ఎందుకంటే ఆ పాటలు మన పల్లెల పలుకుబడిలో ఉన్నాయి, వాటికి ఏ కంపెనీతోనూ ఒప్పందం లేని, ఈ నేల మీద పుట్టిన గొంతులే కావాలి.

రెండు నెలలుగా రాత్రిపూట యూట్యూబులో వెతుకుతున్నాను. ఏ మాటతో వెతికినా లక్షల వీక్షణలు ఉన్న వీడియోలే ముందుకు వస్తున్నాయి. వాటిలో పాడేవారికి ఇప్పటికే ఎక్కడో ఒకచోట సంతకాలు అయిపోయి ఉంటున్నాయి. ఒక్కసారి మాత్రం, వరినాట్లు వేస్తూ ఒకామె పాడుతున్న నిమిషం పైచిలుకు వీడియో కంటపడింది. మూడు వందల నలభై మంది చూశారు, అంతే. ఆ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆ ఛానలు ఎవరిదో ఎరువుల దుకాణం వారిది. మిగతావన్నీ పురుగుమందుల వీడియోలు. వ్యాఖ్య రాశాను, సమాధానం లేదు.

ఇటువంటి వారిని వెతికే మార్గం ఏది, వీడియోలో విన్న గొంతును ఎంతవరకు నమ్మవచ్చు, దొరికితే కాగితం మీద ఏమి రాసుకోవాలి అన్నవి నా సందేహాలు. తెలిసినవారు చెప్పగలరు.

శ్రుతిపెట్టె (ఒంగోలు) సమాధానం:

సంగీతోపాధ్యాయునిగా ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కనుక, మీ రెండవ సందేహం వరకే మాట్లాడతాను.

మన జిల్లాలవారికి బాలసుబ్రహ్మణ్యంగారి కథ కొత్త కాదు. మద్రాసులో 1964లో జరిగిన పాటల పోటీలో ఆయన పాట సంగీత దర్శకులు కోదండపాణిగారి చెవిన పడింది. 1966లో తొలి సినిమా పాట రికార్డు అయింది. అక్కడ వినేవాడు, పాడేవాడు ఒకే గదిలో ఉన్నారు. మీకు ఆ సౌకర్యం లేదు. మీకూ గాయకునికీ నడుమ ఒక ఫోను ఉన్నది, అది రెండు రకాలుగా మోసం చేస్తుంది. మొదటిది, ఫోను మైకు తనంతట తానే గట్టి ధ్వనిని తగ్గించి మెల్లని ధ్వనిని పెంచుతుంది కాబట్టి, గొంతును ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ విప్పాలో ఎరిగిన గాయకుడు కూడా చదునుగా వినిపిస్తాడు. ఆ లెక్కన పొలంలో తీసిన వీడియోలో మీకు అంత బాగా వినిపించిన గొంతు ఎదురుగా ఇంకా బాగుండే అవకాశమే ఎక్కువ. రెండవది దీనికి తలకిందులు: స్మ్యూల్, స్టార్‌మేకర్ వంటి కరోకే ఆప్‌లలో పాడినవాటికి ప్రతిధ్వని, శ్రుతి దిద్దుబాటు అంటుకొని ఉంటాయి. అక్కడ విన్నది నమ్మి పిలిపించుకొని, తంబూరా ముందు కూర్చోబెట్టగానే తెల్లమొహం వేసినవారిని నేను చూశాను.

కనుక పల్లవిని పట్టించుకోకండి. పల్లవి అందరూ బాగానే పాడతారు. చరణం చివర ఊపిరి అందక మాటను మింగేస్తున్నారా, పక్కన ట్రాక్టరు వెళ్లినా శ్రుతి నిలిచిందా, పాట మధ్యలో నవ్వు వచ్చి ఆగి మళ్లీ అందుకున్నప్పుడు అదే స్థాయిలో అందుకున్నారా అన్నది వినండి. తప్పు దొర్లిన చోటే గాయకుడి అసలు సంగతి బయటపడుతుంది. ఇంకొక మాట: నాట్ల పాటలో ఒకరు ముందు పాడతారు, మిగిలినవారు అందుకుంటారు. మీకు నచ్చిన ఆ గొంతు ఎవరి కోసం ఆగుతున్నదో మరొకసారి విని చూడండి.

తిరునాళ్ళ కెమెరా (కందుకూరు) సమాధానం:

పౌరాణిక నాటకాలు, చెక్కభజనలు, కోలాటాలు చిత్రీకరించి ఛానలులో పెట్టడం నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీరు గాయకుడి కోసం వెతుకుతున్నారు, కానీ వీడియో పెట్టేది గాయకుడు కాదు. పొలంలో, గుడి అరుగు మీద పాడే వారిలో చాలామందికి ఛానలు కాదు కదా, తమ పాట ఎక్కడ ఉన్నదో కూడా తెలియదు.

పెద్ద పేర్లు కూడా ఇలాగే బయటికి వచ్చాయి. జస్టిన్ బీబర్ పాటలను యూట్యూబులో పెట్టింది అతని తల్లి. అమెరికాలోని జర్నీ అనే రాక్ సంగీత బృందం తమకు గాయకుడు కావాలని 2007లో వెతికినప్పుడు దొరికిన ఆర్నెల్ పినేడా మనీలాలో క్లబ్బులలో పాడేవాడు. ఆ వీడియోలు పెట్టింది అతని స్నేహితుడు, పైగా కబురు వచ్చినప్పుడు ఎవరో ఆటపట్టిస్తున్నారని పినేడా అనుకున్నాడట. మన గోదావరి వైపు 2018లో పసల బేబీగారి పాటను వేరొకరు ఫోనులో తీసి పెడితే, అది రెహమాన్‌గారి దాకా వెళ్లింది, ఆ తరువాత కోటిగారు అవకాశం ఇచ్చారు. కాబట్టి మీరు ముందు పట్టుకోవలసింది ఫోను పట్టుకున్న మనిషిని.

ఇక వెతకడం. వీడియో పెట్టేవారు గాయకుల పేరు రాయరు, రాగం రాయరు. ఊరి పేరు, సందర్భం రాస్తారు, అదీ ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలలో, ఒకరు రాసినట్లు మరొకరు రాయకుండా. 'జానపద గీతం' అని వెతికితే మీకు స్టూడియో పాటలే వస్తాయి. అదే 'జొన్నవాడ కోలాటం', 'పెంచలకోన భజన', 'సింగరకొండ తిరునాళ్ళ పద్యం' అని, ఊరి పేరును నాలుగు రకాల అక్షరక్రమంతో రాసి, ఈ వారం లేదా ఈ నెల ఎక్కించినవి మాత్రమే చూపేలా వడకట్టండి. వందల మంది చూసిన వీడియోలు అప్పుడు పైకి వస్తాయి. చర్చిలలో ఆదివారం ఆరాధనను ప్రత్యక్షంగా ప్రసారం చేసే ఛానళ్లను వదలకండి. ప్రతి వారం మైకు ముందు పాడే అలవాటు ఉన్న యువతీయువకులు మన రెండు జిల్లాలలో అంతమంది ఇంకెక్కడా దొరకరని నా అభిప్రాయం.

వ్యాఖ్యలో ఫోను నంబరు, లింకు పెట్టి ఉంటే అది ఛానలువారి పరిశీలనకు ఆగిపోయి ఉండవచ్చు. దానికంటే వీడియోను ఆపి ఆపి చూడండి: దుకాణం బోర్డు, బస్సు మీది ఊరి పేరు, గుడి గోపురం, ఏదో ఒకటి దొరుకుతుంది. ఎరువుల దుకాణమైతే బోర్డు మీద ఫోను నంబరు లేకుండా ఉండదు.

కోర్టు వీధి (కావలి) సమాధానం:

న్యాయవాదిగా మూడవ సందేహానికి జవాబు చెబుతాను. నాట్ల పాట పరంపరగా వస్తున్నదై, కర్త ఎవరో తెలియనిదైతే ఆ పాట మీద ఎవరికీ కాపీరైటు ఉండదు. కానీ ఆమె పాడిన తీరు మీద ఆమెకు హక్కు ఉన్నది. 1957 కాపీరైటు చట్టం 38వ సెక్షను కింద ప్రదర్శకుల హక్కు యాభై ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో, గాయకురాలిగా తన పేరు చెప్పాలని కోరే హక్కు కూడా స్పష్టంగా చేరింది. కాబట్టి ఆ వీడియోలోని ధ్వనిని తీసి మీ పాటలో కలుపుకోవాలన్న ఆలోచన ఉంటే మానుకోండి, లేదా ఆమె అనుమతి, చిత్రీకరించినవారి అనుమతి రెండూ తీసుకోండి.

హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ హక్కు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి 19వ సెక్షను ప్రకారం రాయాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. ప్రదర్శకుల హక్కుకూ ఇవే నియమాలు తగిన మార్పులతో వర్తిస్తాయి. 'శాశ్వతంగా, విశ్వవ్యాప్తంగా' అని నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవారి సంగతి వేరు, మీరు తెలుగులో ఒక పేజీ రాయండి, చదివి వినిపించండి. గాయకులు పద్దెనిమిదేళ్లు నిండనివారైతే వారి సంతకం చెల్లదు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచే చెల్లదని ఆనాటి మన అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిలు 1903లోనే తేల్చింది. తల్లిదండ్రులను ముందు కూర్చోబెట్టుకొని మాట్లాడండి.

గాజులగలగల (దర్శి) సమాధానం:

నేను రెండవ వైపు, అంటే పాడేవారి వైపు మనిషిని. మా అన్నయ్య పెట్టిన వీడియో చూసి మూడేళ్ల కిందట హైదరాబాదు నుంచి ఒకరు పిలిచారు. ఒక పాట పాడించుకొని, వేరే ఛానళ్లలో పాడకూడదని రాయించుకున్నారు. ఆ పాట ఇంతవరకు విడుదల కాలేదు. పైన వకీలుగారు చెప్పిన ఐదేళ్ల సంగతి ఈ రోజే తెలిసింది, నా కాగితం ఒకసారి తీసి చూసుకుంటాను. ప్రశ్న అడిగిన అన్నగారికి నా విన్నపం ఒకటే: పాట విడుదల చేసే గడువు తేదీతో సహా రాయండి, ఆ తేదీ దాటితే ఆమె ఎక్కడైనా పాడుకోవచ్చునని కూడా రాయండి. డబ్బు తక్కువైనా బాధపడలేదు కానీ, మా ఊళ్లో అందరూ 'నీ పాట ఎప్పుడొస్తుంది?' అని అడిగినప్పుడు జవాబు లేక తల దించుకోవలసి వచ్చింది.

పెన్నా ఒడ్డు (నెల్లూరు), పదకొండు రోజుల తరువాత:

ఆలస్యానికి మన్నించండి. కందుకూరు సోదరులు చెప్పినట్లు వీడియోను ఆపి చూస్తే, గట్టు మీద ఆగి ఉన్న ఆటో వెనుక దుకాణం పేరు, నంబరు కనిపించాయి. నిన్న కోవూరు దాటి వెళ్లి ఆమెను కలిశాను. తన పాట ఫోనులో ఉన్నదని ఆమెకు నేను చెప్పేవరకు తెలియదు. వినిపిస్తే, తన గొంతు వినకుండా, 'మా తోడికోడలు అక్కడ తప్పు అందుకున్నది చూడండి' అని నవ్వింది.

మాస్టారూ, మీ మాట గుర్తుకు వచ్చి అక్కడే మళ్లీ విన్నాను. ఆమె ఆగుతున్నది ఆ రెండవ గొంతు కోసమే. ఒక్కతే పాడమని అడిగితే రెండు చరణాలకే ఆగిపోయింది. తోడికోడలు వచ్చి పక్కన కూర్చున్నాక ఇరవై నిమిషాలు ఆపలేదు. ఎడగారు (రెండవ పంట) నాట్లు పూర్తయ్యాక ఇద్దరూ కలిసి వస్తామన్నారు, ఒక్కతే రానన్నది. వకీలుగారు చెప్పినట్లు ఒక పేజీ తెలుగులో రాశాను, ఇద్దరి పేర్లతో, దర్శి చెల్లెమ్మ చెప్పిన గడువు తేదీ కూడా చేర్చి.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. నా గదిలో గాయకులు నిలబడే గాజు అర ఒక్కరికే సరిపోతుంది. ఇద్దరినీ విడివిడిగా పాడించి కలపడం సులువే కానీ, అలా చేస్తే ఆ ఆగడం, అందుకోవడం పోతాయని భయంగా ఉన్నది. పెద్ద గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకే మైకు నడుమ పెట్టమంటారా, ఇద్దరికీ చెరొకటి పెట్టమంటారా?