పిల్లల బొమ్మల చార్టుతో మా నాయనకు మాటలు: ఎవరైనా ఇలా చేశారా?

మాది అనంతపురం. మా నాయనకు 63 ఏళ్లు, ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి కొంత కోలుకుంది గానీ మాట సరిగ్గా రావడం లేదు. మెదడు ఎడమ భాగం దెబ్బతిన్నందువల్ల ఇలా అవుతుందని, దీన్ని అఫేసియా అంటారని డాక్టర్ చెప్పారు. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. చెంబు అనబోయి చెప్పు అంటారు, తప్పని తెలిసి తల కొట్టుకుంటారు.

స్పీచ్ థెరపీకి నెలకు రెండుసార్లే తీసుకెళ్లగలుగుతున్నాం. మిగతా రోజుల్లో మా పాప ఎల్‌కేజీ చార్టు చూపిస్తున్నా. ఒకటి, రెండు అని నేను అందిస్తే ఇరవై దాకా గడగడా చెప్పేస్తారు. వారాల పేర్లూ అంతే. మధ్యలో ఆపి ఒక్క అంకె చూపించి అడిగితే మాత్రం నోరు పెగలదు.

ముప్పై ఏళ్లు శనక్కాయల మండీలో లెక్కలు రాసిన మనిషి. మొన్న ఏనుగు బొమ్మ చూపించి "ఇదేంది నాయనా?" అంటే చార్టు పక్కకు తోసేశారు. అప్పుడే పక్కింటావిడ వచ్చింది లెండి, అదీ ఒక కారణం. పాప పక్కన కూర్చుని "తాతా, నువ్వు చెప్పు" అంటే కోపం రాదు.

అందుకే స్కూటర్ తాళం, సంగటి ముద్ద, మాత్రల డబ్బా లాంటివి ఫోటోలు తీసి అట్టలకు అంటిద్దామనుకుంటున్నా. కింద పేరు రాయాలా, వద్దా? పది నిమిషాలకే అలసిపోతున్నారు, ఆపేయాలా? పెద్దవాళ్ల కోసమే చేసిన తెలుగు కార్డులు ఎక్కడైనా దొరుకుతాయా?