సమస్య: "కన్నుమూసినంత కాంతి మెఱసె"

నిర్వాహకుడు: నిన్న కరెంటు పోయినప్పుడు తట్టిన పాదం. ధ్యానం, మూడోకన్ను, మోక్షం పూరణలు పంపేవాళ్లకు ముందే ఓ దండం.

తుంటరి:
చందమామ వైపు సాగెడి నౌకలో
నిదురబోవు వేళ నింగి నుండి
విశ్వకిరణ మొకటి విసురుగా కను దూఱ
కన్నుమూసినంత కాంతి మెఱసె

కల్పన కాదండోయ్. అపోలో 11లో ఆల్డ్రిన్ మొదలుకొని చాలామంది చంద్రయాత్రికులు చీకట్లో ఈ మెరుపులు చూశారు.

పాతకాపు: 'విసురుగా' భలే పడింది. చం–సా యతి చూసి ముచ్చటేసింది. తమరి గాంధారి పూరణలో ఈ శ్రద్ధ ఏమైందో! సరే, కంట్లో మెరుపు క్షణంలో ఆరిపోయింది. మరి మెదడు మాటేమిటి?

కుజుని జేరి వచ్చె గుండెలో భయమింక
మాసిపోద దేమొ మఱల మఱల
హెచ్చరికల దీప మెఱ్ఱగా మదిలోన
కన్నుమూసినంత కాంతి మెఱసె

అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విశ్వకిరణాల బదులు ఆక్సిజన్, టైటానియం అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) తగిలిన ఎలుకల్ని కాలిఫోర్నియాలోని ఇర్వైన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త లిమోలి బృందం పరీక్షించింది. శబ్దం వినిపించి కాళ్లకు షాకిస్తే, ఆ శబ్దానికి జడవడం ఏ ఎలుకైనా నేర్చుకుంటుంది. షాక్ మానేసి ఉత్త శబ్దమే వినిపిస్తూ పోతే మెల్లగా భయం వదిలేస్తుంది. వీటికి ఆ వదలడమే సరిగ్గా చేతకాలేదు. 24 వారాలైనా జ్ఞాపకశక్తి కుదుటపడలేదు. 2016 నాటి పేపరు.

తుంటరి: హెచ్చరికకీ మెఱ్ఱగాకీ యతేమిటి సార్?

పాతకాపు: దీపము + ఎఱ్ఱగా. హె–ఎ చెల్లుతుంది. ఆ పాఠం రోజు బడికి రాలేదా నాయనా?

తుంటరి: వచ్చాను, మీరే నిద్రపోతున్నారు. యతి వదిలేశా, ఎలుకల్ని వదలను. వాటికి రేడియేషన్ మోతాదంతా నిమిషాల్లో కొట్టేశారు. కుజయాత్రలో అది నెలల తరబడి పడుతుంది. కుజుడి మీదికి వెళ్లిన నాసా రోవరు క్యూరియాసిటీ దారిలో కొలిచింది రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్టులే (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలమానం). మీ హీరోకి అంత టెన్షన్ అక్కర్లేదు.

పాతకాపు: మెల్లగా ఇచ్చీ చూశారు. 2019లో వచ్చిన ప్రయోగంలో ఆరు నెలల పాటు కొద్దికొద్దిగా న్యూట్రాన్లు తగిలించారు. ఆ ఎలుకల్లోనూ బెరుకు పెరిగింది, నేర్చుకోవడం మందగించింది. గాంధారి సంగతికి ఇంకా జవాబు రాలేదు.

కొత్తచిగురు: గురువుగారూ, చిన్న సందేహం. కుజుని జేరి 'వచ్చె' అన్నారు. ఎవరు వచ్చారు? పద్యంలో కర్త ఏడీ?

పాతకాపు: ఇంతవరకూ ఎవరూ పోలేదుగా అమ్మా, అందుకే లేడు.

నిర్వాహకుడు: ఇది సమర్థన కాదు, తప్పించుకోవడం. మార్కు తుంటరికే. గాంధారి గొడవ వేరే చోట తేల్చుకోండి.