అప్‌డేట్: తొమ్మిదో తరగతి చదివే మా పాప గురించి

పలమనేరు నుంచి తిరుపతికి మారాక మా పాప ఎవరితోనూ కలవడం లేదని, క్యారియర్ సగం అలాగే తెచ్చేస్తోందని, ఏం చేయాలో చెప్పమని రెండు నెలల కిందట ఇక్కడ అడిగాను.

చాలామంది ఫోన్ తీసేసుకోమన్నారు. నేను తీసుకోలేదు. పలమనేరు స్నేహితురాలితో మాట్లాడేది అందులోనే. అదీ పోతే పాపకి ఎవరు మిగులుతారు?

"ప్రశ్నలు వేయకుండా పక్కన నడవండి" అని ఒక అక్క చెప్పిన మాట పనిచేసింది. పొద్దున్నే కపిలతీర్థం దాకా నడిచేవాళ్లం. వారం తర్వాత తనే చెప్పింది. మార్కులను బట్టి సెక్షన్లు మార్చారట, అప్పుడే కుదిరిన ఒక్క స్నేహితురాలూ వేరే సెక్షన్‌కి వెళ్లిపోయిందట. మధ్యాహ్నం మెట్ల దగ్గర ఒక్కతే తినేది. "ఒంటరిగా తినడం కంటే, అందరూ చూస్తారేమోనని టెన్షన్ అమ్మా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్లూ బిడియం అనుకున్నాను. స్టడీ అవర్ అయ్యేసరికి చీకటి పడుతుంది, ఇక స్నేహం చేసేదెప్పుడు?

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిది ఒంటరితనమేనని, టీనేజీ పిల్లల్లో ఇంకా ఎక్కువని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అది చదివాక పాపలో లోపం వెతకడం మానేశాను.

మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి కూడా ఫోన్ చేశాను. ఉచితం, తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడారు. క్లాస్ టీచర్‌ని కలిస్తే, పాపలాగే కొత్తగా చేరిన అమ్మాయి పక్కన కూర్చోబెట్టారు.

నిన్న పులిహోర ఇద్దరికి సరిపడా పెట్టమంది. ఆదివారాలు మాత్రం ఇంకా గదిలోనే ఉంటోంది.